అడ్డాకుల పక్కన శిక్షణ: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 12

మా ప్రాజెక్టు పేరు కాగితం మీద రెండు వరుసలు పడుతుంది. నోటితో చెప్పాలంటే ఇంతే: ఎదుగుదలలో వెనకబడుతున్న పసిపిల్లల ఇళ్లకు వెళ్లేవాళ్లకు పని నేర్పడం, నేర్పాక ఆరు నెలలు వాళ్ల వెంట తిరగడం. మొత్తం పందొమ్మిది మంది. పద్నాలుగు మంది అంగన్‌వాడీ దీదీలు, ముగ్గురు ఆశాలు, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున వికలాంగ పిల్లల ఇళ్లకు తిరిగేవాళ్లు ఇద్దరు. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా, వంశధార వెంబడి గుణుపురం వైపు సాగే ఊళ్లు మా పరిధి. ఒడిశాలోని గజపతి జిల్లాలో మొదలై రాయగడ జిల్లా అంచున ఆగుతాం.

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టిల్లు పర్లాకిమిడి, అత్తవారిల్లు ఆంధ్రలోని పాతపట్నం. నాకు రాష్ట్రం దాటడానికి షేర్ ఆటో చాలు. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో నేర్పింది ఒడియా, ఇంటి వెనక వీధిలో వినబడింది గిరిజనుల సవర. ఈ ఉద్యోగం నాకు ఇవ్వడానికి అసలు కారణం డిగ్రీ కాదు, ఇదేనని నా అనుమానం.

దీదీల మీదే ఎందుకు దృష్టి అని నిధులిచ్చేవాళ్లు అడిగారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు వస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూస్తుంది. మంచి పథకమే. కానీ ఆ రెండు రోజులు పోను మిగిలిన రోజులన్నీ పిల్లవాడిని చూసేది దీదీ. ఆశా కూడా మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేనో నెలల్లో ఇంటికి వెళ్లాలి. చూసే కళ్లు ఉన్నాయి. ఏం చూడాలో నేర్పాలి. ఇదీ నేనిచ్చిన జవాబు. బడ్జెట్‌లో రెండు రోజుల శిక్షణకు వెంటనే ఒప్పుకున్నారు, ఆరు నెలలు వెంట తిరగడానికి మాత్రం మూడుసార్లు వివరణ రాయించుకున్నారు. భోజనాల బిల్లు ఎవరికైనా అర్థమవుతుంది, పెట్రోలు బిల్లు అర్థం కాదు.

జూన్ 26

రెండు రోజుల శిక్షణ అయిపోయింది. ఒక్క మాటలో రాయాలంటే, బాగా జరిగింది, పనికి రాలేదు.

మొదటి రోజు స్లయిడ్లు ఎనభై దాకా తయారు చేసుకున్నాను. మెదడు ఎదుగుదల, మొదటి వెయ్యి రోజులు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని ఇరవై ఒక్క రకాల వైకల్యాలు, అన్నీ ఉన్నాయి. పదకొండున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఫ్యాన్లకే సరిపోయింది. ఆ తర్వాత నోటితో చెప్పాను. మధ్యాహ్నం భోజనం తర్వాత వెనక వరుసలో ఇద్దరు హాయిగా నిద్రపోయారు. వాళ్లను తప్పు పట్టను. పొద్దున్నే లేచి ఇంటి పని చేసి, సెంటర్ తాళం సహాయికకు అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు.

రెండో రోజు అనుకోకుండా ఒక మంచి పని జరిగింది. హాలు ఊడ్చే ఆమె మనవడిని చంకనేసుకుని వచ్చింది. ఎనిమిది నెలల పిల్లవాడు. శిక్షణకు తెచ్చిన బొమ్మను పక్కన పెట్టేసి, ఆమెను అడిగి వాడిని చాప మీద కూర్చోబెట్టాం. ఎర్ర ఉన్నిబంతిని అటూ ఇటూ జరిపితే కళ్లు, తల, చివరికి ఒళ్లంతా దాని వెంటే తిరిగాయి. ఒక దీదీ మరమరం ముందు పెట్టింది. వాడు నాలుగు వేళ్లతో గోకుతూ దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గిల్లి పట్టడం ఇంకా రాలేదు. "ఇంకో నెలా రెండు నెలల్లో వస్తుంది, అప్పుడు మీ ఇంట్లో నేల మీద చీమ కూడా మిగలదు" అన్నాను. నిద్రపోయిన ఇద్దరూ మోకాళ్ల మీద ముందుకు వచ్చి చూశారు. మరమరం వాడి నోటికి చేరకుండా తీసేసింది కూడా వాళ్లే.

చివర్లో పరీక్ష పెట్టాం. మొదటి రోజు మార్కుల కన్నా చివరి మార్కులు బాగా పెరిగాయి. నివేదికలో అదే రాస్తారు. నేను కూడా రాశాను.

జులై 9

మొదటి ఇంటి సందర్శనలు. మూడు ఊళ్లు, అయిదు ఇళ్లు.

దీదీ కొత్త చెక్‌లిస్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి చదువుతుంది. "మెడ నిలుస్తుందా? బోర్లా పడతాడా? కూర్చుంటాడా? పేరు పిలిస్తే చూస్తాడా?" తల్లి ఒక్కొక్క దానికీ "ఆఁ, ఆఁ" అంటుంది. రేషన్ కార్డు సర్వేకి చెప్పినట్టే. తల్లి అబద్ధం చెప్పడం లేదు. కాదంటే ఏదో రాసుకుపోతారని, పిల్లవాడిలో లోపం ఉందని ఊరంతా తెలుస్తుందని భయం. ఆ చెక్‌లిస్టును అలా చదవమని నేర్పింది ఎవరు? నేనే. హాల్లో ఒక్కో ప్రశ్నా చదివి అర్థం చెప్పాను కదా, వాళ్లూ అదే చేశారు.

ఇంకో తప్పు ఇంతకన్నా పెద్దది. నాలుగో ఇంట్లో తొమ్మిది నెలల పాప. నడుము మెత్తగా ఉంది, కూర్చోబెడితే ముందుకు వాలిపోతోంది. నా చేతులు ఊరుకోలేదు. పాపను తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టి, తుంటి దగ్గర పట్టుకుని, గజ్జెలతో పైకి చూసేలా చేశాను. పాప నిటారుగా వచ్చి నవ్వింది. తల్లి, నాయనమ్మ, దీదీ ముగ్గురూ గారడీ చూసినట్టు చూశారు. "మేడమ్ చేతిలో ఏదో ఉంది" అంది నాయనమ్మ. తిరిగి వచ్చేటప్పుడు దీదీని అడిగాను, "రేపు మీరొక్కరే వెళ్తే ఏం చేస్తారు?" అని. ఆమె చాలాసేపు ఆలోచించి, "మీకు ఫోన్ చేస్తాను" అంది.

ఇంటికి వచ్చి డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను: వచ్చే ఇంటి నుంచి నా చేతులు వెనక్కి కట్టుకుంటాను. ముందు తల్లి చేస్తుంది, దీదీ చూస్తుంది. తర్వాత దీదీ అడుగుతుంది. ఇద్దరూ కలిసి ఒకటి ప్రయత్నిస్తారు. నేను మాట్లాడేది చివర, దారిలో.

మరో మాట, మరిచిపోకుండా. అయిదో ఇంట్లో పిల్లవాడు ఏడో నెలలోనే పుట్టాడు. దీదీ వాడి వయసు పది నెలలని వేసుకుని "కూర్చోవడం లేదు" అని ఎర్ర గుర్తు పెట్టింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రెండేళ్ల వరకు ఆ తక్కువ పడిన నెలలు తీసేసి చూడాలి. లెక్క సరిచేస్తే వాడికి ఎనిమిది నెలలు. వాడిని గాభరాపడకుండా చూస్తూ ఉంటే చాలు. ఇది స్లయిడ్లలో ఉంది. నలభైయ్యో నంబరు తర్వాతెక్కడో.

జులై 18

ఇవాళ ఒక్క ఇంటి గురించే రాస్తాను.

కాశీనగర్ దాటాక ఒక ఊరు. పెంకుటిల్లు, ముందు వరండా. తల్లి వరండాలో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. ఒడియాలో ఈ విస్తరిని ఖలి అంటారు. పక్కన తడి గోనె కింద ఆకుల దొంతర, పళ్ల మధ్య నాలుగైదు సన్నని వెదురు పుల్లలు. ఆకు మీద ఆకు వేసి, పుల్లతో ఒక కుట్టు, పుల్ల విరిచి ఇంకో కుట్టు. మాట్లాడేటప్పుడు కూడా పుల్లలు తీయదు, పెదవుల పక్క నుంచే మాట్లాడుతుంది. పది నెలల కొడుకు చాప మీద.

ఈ దీదీ పెద్దావిడ, ఇరవై ఏళ్లకు పైబడి ఇదే పని చేస్తోంది. ఈసారి చెక్‌లిస్టు సంచిలోంచి తీయలేదు. "నిన్న వీడు లేచిన దగ్గర నుంచి ఏం చేశాడో చెప్పు చెల్లీ" అంది. శభాష్ అనుకున్నాను. తల్లి చెప్పుకుంటూ పోయింది. లేచాడు, పాలు తాగాడు, ఆకులు లాగాడు, కోడిని చూసి కేకలేశాడు, అన్నం గిన్నె తోసేశాడు. "గిన్నె ఏ చేత్తో తోశాడు?" అని దీదీ అడిగింది. తల్లి నవ్వి, "ఎడమ చేత్తోనే. వీడికి అన్నీ ఎడమ చేతే. వాళ్ల తాతది కూడా ఎడమచేతి వాటం" అంది.

దీదీ నా వైపు చూసింది. నేను కోడి వైపు చూశాను.

అప్పుడామె ఎర్ర బంతిని పిల్లవాడి కుడి పక్కన పెట్టింది. వాడు ఒళ్లంతా తిప్పి, ఎడమ చేతిని అడ్డంగా చాచి అందుకున్నాడు. మళ్లీ కుడి పక్కనే, ఇంకొంచెం దూరంగా పెట్టింది. మళ్లీ ఎడమ చేయే. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి ఉంది. పిడికిలి బిగిసి ఉంది, బొటనవేలు లోపల. ఆమె ఆ పిడికిలిని మెల్లగా తెరిచి చూసింది. అరచేతి గీతల్లో తెల్లగా పాచి, కొంచెం వాసన. ఎప్పుడూ తెరుచుకోని చెయ్యి అలాగే ఉంటుంది.

ఏడాది నిండని పిల్లలకు కుడి ఎడమల పట్టింపు ఉండదు, ఏది దగ్గరైతే దాంతో అందుకుంటారు. వాటం స్థిరపడేది ఆ తర్వాతే. పది నెలలకే ఒక చేతిని వదిలేసి రెండోదాన్నే వాడుతున్నాడంటే అది వాటం కాదు, రెండో చెయ్యి మాట వినడం లేదని. పుట్టినప్పుడు ఏమైందని దీదీ నెమ్మదిగా అడిగితే, మూడో రోజున ఫిట్స్ లాంటివి వచ్చాయని, రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారని తల్లి చెప్పింది. ఆ సంగతి కార్డులో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

పెద్ద ఆసుపత్రికి చీటీ రాశాం. జబ్బుకు పేరు పెట్టడం డాక్టర్ల పని, దీదీది కాదు, నాదీ కాదు. కానీ చీటీ రాసి చేతులు దులుపుకుంటే ఆ తేదీ వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే బిగుసుకుంటుంది. కాబట్టి ఈలోగా ఏం చేయాలన్నది అసలు ప్రశ్న.

నాకు నోటి చివర పది వ్యాయామాలు ఉన్నాయి. మింగేశాను. దీదీ తల్లిని అడిగింది, "రోజంతా వీడు నీ దగ్గరే ఉంటాడు కదా, ఏ పని చేసేటప్పుడు?" ఇంకేముంది, ఆకులు. రోజుకు నాలుగైదు గంటలు ఈ వరండాలోనే. ఆకుల దొంతర ఇప్పుడు పిల్లవాడికి ఎడమ పక్కన ఉంది. అది కుడి పక్కకు మారితే? తల్లి గోనె జరిపింది. వాడు దొంతర మీదికి ఒరిగాడు. ఒరిగినప్పుడు కుడి మోచేయి ఆకుల మీద ఆనింది, బరువు పడింది. బరువు పడితే పిడికిలి కొంచెం వదులవుతుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, వాళ్లు వరండాలో కనిపెట్టారు. పెద్ద ఆకు ఒకటి ఇస్తే ఒక చేత్తో పట్టుకోలేడు, రెండో చెయ్యి రావాల్సిందే అని తల్లి తనంతట తనే అంది. పుల్లలు మాత్రం అందనంత ఎత్తులో, గూట్లో పెట్టాలని దీదీ గట్టిగా చెప్పింది.

దారిలో దీదీ అంది, "మేడమ్, ఇవాళ మీరు ఏమీ చెప్పలేదు." నాకు వచ్చిన పొగడ్తల్లో ఇదే పెద్దది. ఆమె మాత్రం ఫిర్యాదుగానే అన్నట్టుంది.

ఆగస్టు 29

గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవమని పాతపట్నం బడిలో పిల్లలకు పోటీలు పెట్టారట. ఆయన పంతులుగా పనిచేసిందీ, సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు రాసిందీ, సవరకు నిఘంటువు కట్టిందీ మా పర్లాకిమిడిలోనే. మాట్లాడే భాషలోనే పిల్లవాడికి చదువు చెప్పాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన ఊళ్లో కూర్చుని నేను తయారు చేసిన కరపత్రంలో మొదటి మాట "శిశువు". ఈ చుట్టుపక్కల ఏ తల్లీ తన బిడ్డను శిశువు అనదు.

అందుకని ఇవాళ చెక్‌లిస్టు విప్పదీశాం. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే దీదీలు ఎనిమిది మంది, ఒక చాప, టీ. ప్రశ్నలు ఒక్కొక్కటే గట్టిగా చదవడం, ఇక్కడి ఇంట్లో అది ఎలా కనబడుతుందో చెప్పడం. "టాటా చెబుతాడా" తీసేసి "దండం పెడతాడా" వేశాం. "మెట్లు ఎక్కుతాడా" దగ్గర నవ్వులు. కొండ ఊళ్లలో మెట్లున్న ఇల్లు ఎక్కడుంది? అరుగు ఎక్కడం వేశాం. చెక్క ముక్కలతో గోపురం బదులు అగ్గిపెట్టెలు. పుట్టిన తేదీ తెలియని చోట ఊరి గుర్తులతో ఒక కాలపట్టిక తయారైంది: రథయాత్ర, నువాఖాయి, దసరా, సంక్రాంతి. పెద్ద పిల్లలకైతే తిత్లీ తుపాను ముందా తర్వాతా అని అడగాలి. 2018 అక్టోబరు ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోరు.

అసలు పేచీ మాటల దగ్గర వచ్చింది. రెండేళ్లకు దాదాపు యాభై మాటలు, రెండేసి మాటలు కలిపి చెప్పడం రావాలి. ఒక దీదీ తన సెంటర్‌లో ఒక పిల్లకు పన్నెండు మాటలే వచ్చని రాసింది. రిజిస్టర్ ఒడియాలో ఉంది కాబట్టి ఒడియా మాటలే లెక్కపెట్టింది. తల్లి తెలుగు, తండ్రి ఒడియా, ఇంట్లో ఉన్న ముసలావిడ సవర. మూడూ కలిపి మళ్లీ లెక్కపెడితే నలభై దాటాయి. పైగా ఆ పిల్ల "పాణి ఇయ్యి" అంటుందట. దీదీ దాన్ని తప్పు మాట కింద వదిలేసింది. ఒడియా నీళ్లు, తెలుగు ఇవ్వడం. భాష ఏదైతేనేం, అది రెండు మాటల వాక్యం. అందరం చప్పట్లు కొట్టాం.

"మూడు భాషలు మాట్లాడితే పిల్లకు మాటలు ఆలస్యమవుతాయని పట్నంలో డాక్టర్ చెప్పాడు, ఒక్క భాషే మాట్లాడమన్నాడు" అని ఇంకొకరు లేచారు. ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆలస్యమున్న పిల్లకైనా ఇంట్లో నాయనమ్మతో మాట్లాడే భాషను తీసేస్తే మిగిలేది నాయనమ్మ మౌనమే. నా బడి ఒడియా, ఇల్లు తెలుగు, వీధి సవర అని చెప్పి, నాకేమైనా ఆలస్యమైందా అని అడిగాను. "మీకు ఆగడం ఆలస్యమైంది" అంది పెద్ద దీదీ.

సెప్టెంబరు 14

ఫోన్ వీడియోల సంగతి. నేను అందరి వెంటా ప్రతి వారం వెళ్లలేను కాబట్టి, ఇంటి సందర్శనలో అర నిమిషం వీడియో తీసి పంపమన్నాం. చూసి నేను ఫోన్లో మాట్లాడతాను. అనుకున్నది అది. జరిగింది ఏమిటంటే, గ్రూపులో శుభోదయాలు, దేవుడి బొమ్మలు, వాటి మధ్య ఎక్కడో ఒక పిల్లవాడి వీడియో. ఆ పిల్లవాడి వీడియోను ఎవరో ఇంకో గ్రూపుకు పంపారు. తండ్రి పనికి వెళ్లిన ఊళ్లో అది చూసి ఫోన్ చేసి అరిచాడు. అరవడంలో తప్పులేదు.

గ్రూపు మూసేశాను. ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. తల్లి టీ ఇచ్చింది, తండ్రి ఫోన్లో మాట్లాడలేదు. ఇప్పుడు పద్ధతి మారింది. వీడియో నాకు ఒక్కదానికే, తల్లి ఒప్పుకుంటేనే, చూశాక ఇద్దరి ఫోన్లలోనూ తీసేయాలి. కెమెరా పిల్లవాడి ముఖం మీద కాదు, దీదీ, తల్లి చేతుల మీద. నాకు కావాల్సింది కూడా అదే. పిల్లవాడు ఏం చేశాడన్నదానికన్నా, దీదీ ఎంతసేపు నోరు మూసుకుని ఆగిందన్నది చూస్తాను. ప్రశ్న అడిగి తల్లి జవాబిచ్చే లోపే తనే జవాబు చెప్పేయడం దాదాపు అందరిలోనూ ఉంది. (నాలోనూ.) కొండల్లో సిగ్నల్ లేదు కాబట్టి సంత రోజున కిందికి దిగినప్పుడు పంపుతారు. సంత రోజు సాయంత్రం నాకు వంట కుదరదు.

అక్టోబరు 8

వినికిడి. ఇందులో మొదటి నుంచీ తప్పు నేర్పుతున్నామని ఈ నెల తెలిసింది. ఏడాది పిల్లవాడు, మాటలు లేవు, కూతలు తగ్గిపోయాయి. దీదీ వెనక నిలబడి చప్పట్లు కొట్టింది, వాడు తిరిగాడు, "వినబడుతోంది" అని రాసింది. మళ్లీ చేయమన్నాను. చప్పట్లకు గాలి మెడకు తగులుతోంది, ఎండలో ఆమె నీడ వాడి ముందే కదులుతోంది. తల్లి ఎదురుగా కూర్చుని ఆకుతో వాడి చూపు పట్టి ఉంచితే, దీదీ పక్కకు, వెనక్కి, నీడ పడని చోట చేయి చాచినంత దూరంలో నిలబడి స్టీలు గ్లాసులో చెంచా ఆడించింది. తిరగలేదు. కాగితం నలిపింది. తిరగలేదు. రెండో వైపు నుంచి కూడా అంతే.

నాయనమ్మ "వస పట్టిస్తున్నాం, మాటలు వచ్చేస్తాయి" అంది. వాగుడుకాయను చూసి వస పోశారా అంటాం కదా, ఆ నమ్మకం పాతది. దీదీ నవ్వలేదు, నవ్వకూడదని ఆమెకు నేను చెప్పలేదు కూడా. "పసివాళ్లకు వస పడితే వాంతులవుతాయమ్మా, ఇక వద్దు. మాట నోటికి రావాలంటే ముందు చెవికి వెళ్లాలి కదా" అంది. ఈ వాక్యాన్ని నేను నా శిక్షణ కాగితాల్లో ఎక్కించుకున్నాను.

ఇది ఇంట్లో చేసే చూపు మాత్రమే, పరీక్ష కాదు. పుట్టిన నెలలోపు వినికిడి చూడాలి, మూడు నెలలకు లోపం ఖాయం కావాలి, ఆరు నెలలకు సాయం మొదలవ్వాలి. ఇదీ అందరూ ఒప్పుకున్న లెక్క. ఇక్కడ వాడికి పన్నెండు నెలలు. మొదటిసారి వెళ్లిన ఆసుపత్రిలో యంత్రం పాడైందన్నారు. రెండోసారి పరీక్ష చేసేవారు సెలవు. మూడోసారి ఇంకో ఊరికి వెళ్తే పిల్లవాడు నిద్రపోవాలి అన్నారు, వాడు బస్సులో నిద్రపోయి అక్కడ మేల్కొన్నాడు. ప్రతిసారీ తండ్రికి ఒక కూలి రోజు పోయింది. నాలుగోసారి దీదీయే వెంట వెళ్లింది, పొద్దున నిద్రపోనీయకుండా రైల్లో ఆడించుకుంటూ తీసుకెళ్లింది. పరీక్ష అయింది. రెండు చెవులకూ యంత్రాలు రాశారు. దీదీ రైలు టిక్కెట్టు బిల్లు పెడితే మా ఆఫీసులో "ఇది శిక్షణ ఖర్చు కాదు" అని వెనక్కి పంపారు. నా జేబులోంచి ఇచ్చాను, ఆమె తీసుకోలేదు.

నవంబరు 5

చెక్క కుర్చీ ఘోరంగా విఫలమైంది. వడ్రంగి చేత నడుము నిలవని పాప కోసం బల్లతో సహా చేయించాను, కొలతలన్నీ నావే. రెండు వారాల తర్వాత వెళ్తే దాని మీద బియ్యం బస్తా ఉంది, ఎలకలకు అందకుండా. పాప వెదురు గంపలో, చుట్టూ పాత చీర కుక్కి, చక్కగా నిటారుగా కూర్చుని ఉంది. గంప అయితే తల్లి పొయ్యి దగ్గరికీ, బావి దగ్గరికీ వెంట తీసుకెళ్లగలదు. కుర్చీ కదలదు. చీర మడత తుంటికి రెండు పక్కలా ఇంకొంచెం ఎక్కువ ఉండాలని చెప్పి వచ్చేశాను. బియ్యం భద్రంగా ఉన్నాయి.

కేంద్రం వారి నవచేతన పుస్తకం గురించి కూడా దీదీలు అడిగారు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా, నెలల వారీగా 140 ఆటలు. పుస్తకం బాగుంది. కానీ తల్లి చేతికి 140 ఇస్తే ఒక్కటీ చేయదు. ఒక సందర్శనకు ఒకటి, అదీ తల్లి ఎంచుకున్నది. ఛతువా ప్యాకెట్ (అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహార పిండి) ఇచ్చే రోజునే ఆ ఒక్కటీ అడిగి తెలుసుకోవాలని అనుకున్నాం, ఎందుకంటే ఆ రోజు తల్లులు ఎలాగూ సెంటర్‌కు వస్తారు.

డిసెంబరు 3

ప్రపంచ వికలాంగుల దినం. బ్యానర్, ఉపన్యాసాలు, బిస్కెట్లు. పిల్లలను ఎండలో గంటన్నర కూర్చోబెట్టారు. ఇంతకు మించి రాయడానికి ఏమీ లేదు.

జనవరి 10

ఆరు నెలలు దాటాయి. పందొమ్మిది మందిలో ఇద్దరు మానేశారు, ఒకరికి బదిలీ. మిగిలినవాళ్లలో ఆరుగురు నేను లేకుండా బాగా చేస్తున్నారు. నలుగురు చెక్‌లిస్టు ఇంకా గుమ్మంలోంచే చదువుతున్నారు, వాళ్లతో నేనే సరిగా తిరగలేకపోయాను. తక్కినవాళ్లు మధ్యలో. నివేదికలో ఈ లెక్కకు గడి లేదు. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు అన్న గడి ఉంది, అందులో పందొమ్మిది అని వేశాను.

ఇవాళ కాశీనగర్ అవతలి ఊరికి వెళ్లాం. నేను వెనక. పెద్ద దీదీ తనతో పక్క ఊరి కొత్త దీదీని తీసుకొచ్చింది. ఆమె చెక్‌లిస్టు తీయబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపి, సంచిలోకి తోసేసింది.

పిల్లవాడికి పదహారో నెల వస్తోంది. నడవడం లేదు, అరుగు పట్టుకుని నిలబడుతున్నాడు, కుడి మడమ ఇంకా నేలకు సరిగా ఆనడం లేదు. పెద్ద ఆసుపత్రిలో చూశారు, నెలకొకసారి రమ్మన్నారు, రెండుసార్లు వెళ్లారు. ఆకుల దొంతర కుడి పక్కనే ఉంది. సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి విస్తర్లకు గిరాకీ, తల్లి తల ఎత్తకుండా కుడుతోంది. పుల్లలు గూట్లో ఉన్నాయి, ఒక్కొక్కటీ లేచి తెచ్చుకోలేక జడలో గుచ్చుకుంది.

"వీడితో పడలేకపోతున్నాను దీదీ. పొద్దుటి నుంచి ఎనిమిది ఆకులు చింపేశాడు. లెక్క తగ్గిపోతోంది" అంది.

కొత్త దీదీ సానుభూతిగా ఏదో అనబోయింది. పెద్దావిడ ఆమె మోకాలు మీద చెయ్యి వేసి, తల్లిని అడిగింది.

"ఏ చేత్తో చింపాడు చెల్లీ?"

తల్లి ఆకు మీద ఆకు వేసి, కుట్టు వేయబోయి ఆగింది.

"రెండు చేతులూ లేకుండా ఆకు చిరుగుతుందా దీదీ?"